కడగకూడని చెయ్యి

మా చెల్లెల్ని వీధిలో అందరూ కుక్కల డాక్టరమ్మ అంటారు. అది డాక్టరు కాదు. సూది వేయడం రాదు, మందు రాయడం రాదు. యూనివర్సిటీలో అది చదివింది జంతువుల ప్రవర్తన, వాటి సంక్షేమం. ఈ మాట చెబితే ఎదుటివాళ్ళు అర్థమైనట్టు తలూపి, చివరికి “అయితే మా పిల్లికి కన్ను ఎర్రబడింది, కాస్త చూస్తావా?” అని అడుగుతారు. మొదట్లో ఓపిగ్గా విడమరిచి చెప్పేది. తర్వాత తర్వాత పిల్లి కన్ను చూసి, గోరువెచ్చని నీళ్ళతో తుడవమని చెప్పి పంపించేది. ఇప్పుడు ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే తల కూడా ఎత్తదు. ఎందుకు ఎత్తదో చెబుదామని కూర్చున్నాను. చెబుతుంటే నాకు కోపం వస్తుంది, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

నాది దర్జీ కొట్టు. చదువు అంతంతమాత్రం. నోరు మాత్రం రెండు మిషన్ల పెట్టు అని మా అమ్మ అంటుంది. కొట్టు వెనకే మా ఇల్లు. అమ్మా, నేనూ, చెల్లీ అందులోనే సర్దుకుంటాం. నాన్న చెల్లి బడికి వెళ్ళకముందే పోయాడు. పక్కది లాండ్రీ. దాన్ని నడిపే ఆయన్ని లాండ్రీ బాబాయ్ అంటాం, వరసకి ఏమీ కాడు. ఆయనకి ఓ ముసలి కుక్క ఉండేది. పేరు కూడా ముసలోడే. ఇస్త్రీ బల్ల కింద వెచ్చగా ఉంటుందని పొద్దస్తమానం అక్కడే పడుకునేవాడు. దొంగ వచ్చినా తోక ఊపి దారి ఇచ్చే రకం. పిల్లలు చెవులు పట్టి లాగినా, మీదెక్కి కూర్చున్నా గుర్రుమనడం మేమెవరం వినలేదు. ఈ ముసలోణ్ణి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనుంది.

చెల్లి చిన్నప్పుడు మేడ మెట్ల కింద ఉండే కుక్క ఒకటి దాని చెయ్యి కరిచింది. రక్తం చూసి ఇరుగుపొరుగూ పోగయ్యారు. ఆ సాయంత్రమే మున్సిపాలిటీ బండి వచ్చి, మెడకి ఉచ్చు వేసి ఆ కుక్కని ఈడ్చుకుపోయింది. కుట్లు వేసేటప్పుడు ఏడవని పిల్ల బండి వెళ్ళాక ఏడ్చింది. “అది తింటోంది. నేను గిన్నె లాగాను” అని కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంది. గోడకి చెప్పుకున్నట్టే అయింది. కరిచిందా లేదా అన్నదొక్కటే వాళ్ళకి కావాలి, ఎందుకు కరిచిందో ఎవరికీ అక్కర్లేదు. కుడిచేతి బొటనవేలి కింద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ ‘ఎందుకు’ కోసమే అది యూనివర్సిటీకి వెళ్ళిందని నేననుకుంటాను. అడిగితే మాత్రం ఒప్పుకోదు. ఇంటర్వ్యూలో ఈ కోర్సే ఎందుకమ్మా అంటే సీటు దొరికింది కాబట్టి అని చెప్పిందట. అమ్మ మాత్రం వారం రోజులు నెత్తి కొట్టుకుంది. మనుషుల్ని చదివేవాళ్ళకే అన్నం దొరకడం లేదు, కుక్కల్ని చదివి ఏం చేస్తావే అంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత కూడా జత చేసింది. చెల్లి నవ్వి ఊరుకుంది. అప్పట్లో దానికి నవ్వు ఎక్కువ. క్లాసులో నేర్చుకున్నవన్నీ సాయంత్రం ఇంటికొచ్చి ముసలోడి మీద చూపించేది. ఇదిగో అక్కా, వీడు ఆవలించాడంటే నిద్ర కాదు, ఇబ్బంది పడుతున్నాడని అర్థం. నాలుక బయటికి తీసి ముక్కు తడుపుకున్నాడంటే వద్దు అంటున్నాడని అర్థం. కొన్నాళ్ళకి నేను కూడా బేరాలాడే ఆడవాళ్ళ ముఖాల్లో అవన్నీ వెతకడం మొదలుపెట్టాను. అవి మనుషుల్లో కూడా ఉన్నాయి.

ఊళ్ళో కుక్కల షెల్టరు ఒకటుంది. దిక్కులేనివాటిని, వదిలేసినవాటిని అక్కడికి తెస్తారు. మంచివాటిని పెంచుకోవడానికి ఇస్తారు. ప్రమాదమైనవి అనుకున్నవాటిని చివరి గదికి తీసుకెళ్ళి సూది వేసి చంపేస్తారు. ఏది మంచిది, ఏది ప్రమాదం అన్నది ఎవరు తేల్చేవారు? ఉదయం డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు. దీని చూపు బాగాలేదు, దాని వాలకం బాగాలేదు, పంపేయ్. చెల్లి చదువులో భాగంగా అక్కడ కొన్ని నెలలు పనిచేసి వచ్చి, ఇంట్లో అన్నం ముందు కూర్చుని తినలేకపోయింది. వీళ్ళకంటూ ఒక కొలత ఉండాలి అక్కా, కళ్ళతో తూచి చంపకూడదు అంది.

అలా పుట్టింది ఆ పరీక్ష. కుక్క ముందు తిండి గిన్నె పెడతారు. అది తింటుండగా కర్రకి కట్టిన దొంగ చెయ్యి ఒకటి దూరం నుంచి తెచ్చి గిన్నె వెనక్కి లాగుతారు. కుక్క ఊరుకుంటే పాసు. గుర్రుమంటే ఇంకొన్నాళ్ళు చూస్తారు. చెయ్యి పట్టి కరిస్తే ఫెయిలు. నిజం చెయ్యి పెట్టి చూడలేరు కదా. ఆ దొంగ చేతులు కుట్టింది నేనే. మందపాటి తోలు గ్లవుజు తీసుకుని, లోపల దూది కుక్కి, మణికట్టు దగ్గర గుడ్డ చొక్కాచెయ్యి అతికించేదాన్ని. యూనివర్సిటీలో పరీక్షలు జరిగినన్నాళ్ళూ ఏ కుక్కకి ఆ కుక్కకి కొత్త చెయ్యి కుట్టించుకునేది. సబ్బు వాసన కుక్కల్ని చికాకు పెడుతుంది కాబట్టి, చేతిని కడగకూడదని పరీక్ష నియమాల్లో రాసింది. పరీక్ష పెట్టేది కుక్కకి తెలిసిన మనిషి కాకూడదని కూడా రాసింది. తెలిసినవాళ్ళ దగ్గర ఏ కుక్కయినా బుద్ధిగానే ఉంటుందని.

వాళ్ళ ప్రొఫెసరు పెద్దమనిషి. మెత్తగా మాట్లాడతాడు, గొంతు పెంచడు, ఎంత చిన్నవాళ్ళనైనా కూర్చోమన్నాకే తను కూర్చుంటాడు. ఆయన ఆ పరీక్షని చేతుల్లోకి తీసుకున్నాడు. సభల్లో చెప్పాడు, షెల్టరు వాళ్ళని ఒప్పించాడు, తర్వాత ఇంకో నాలుగు ఊళ్ళ షెల్టర్లని ఒప్పించాడు. పరీక్షకి ఆయన పేరే పెట్టారు. చెల్లికి అదే షెల్టరులో కుక్కల ప్రవర్తన చూసే ఉద్యోగం వచ్చింది. గుడ్డి కన్నా మెల్ల నయం, నీ పేరు లేకపోతేనేం, పని జరుగుతోంది కదా అన్నాను నేను. చెల్లి అదే అనుకుంది. ఇక ఎవడో పొద్దున్నే చిరాకు మీద ఉన్నాడని ఏ కుక్కా చావదు అని నాతో చెప్పినప్పుడు దాని ముఖం చూడాలి మీరు. అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

అయితే షెల్టరులో ఫెయిలయ్యేవి యూనివర్సిటీలో కంటే చాలా ఎక్కువ. చెల్లి ఆ మాట ప్రొఫెసరుకి చెబితే, ఇవి వీధి కుక్కలమ్మా, దెబ్బలు తిన్నవి, అంతే మరి అన్నాడు. సబబుగానే అనిపించింది. చెల్లి కూడా నమ్మింది. రెండేళ్ళు గడిచాయి.

ఆ రెండేళ్ళ చివర్లో వచ్చాడు గుమాస్తా. కుక్కే, ఆ పేరు చెల్లి పెట్టింది. గోధుమరంగు, ఒక చెవి మడత, ముఖంలో ఎప్పుడూ ఏదో పని ఆలస్యమైపోతున్నట్టు దిగులు. ఎవరో ముసలాయన పెంచుకుంటూ పోయాడట, బంధువులు తెచ్చి గేటు దగ్గర కట్టేసి వెళ్ళిపోయారు. ఆఫీసు గుమ్మం పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళ కాళ్ళు వాసన చూసి, రేపు రండి అన్నట్టు ముఖం తిప్పుకునేవాడు. చెల్లి మధ్యాహ్నం డబ్బా తెరిస్తే పక్కనే కూర్చుంటాడు కానీ అడగడు. ఇంటికొస్తే వాడి కబుర్లే. గుమాస్తా ఇవాళ మేనేజరమ్మ చెప్పు దాచేశాడు, గుమాస్తా ఇవాళ నా ఒళ్ళో తల పెట్టాడు. ఈ గుమాస్తా ఎవడే, పెళ్ళయిందా అని అమ్మ అడిగింది. కుక్క అని తెలిశాక రెండు పూటలు మాట్లాడలేదు.

వాడి పరీక్ష చెల్లి ఎన్నాళ్ళు వాయిదా వేయగలదో అన్నాళ్ళు వేసింది. చివరికి మేనేజరమ్మ జాగా లేదంది. ఆవిడ చెడ్డది కాదు. ఆవిడకి ఉన్న గదులు కొన్ని, వచ్చే కుక్కలు బోలెడు. చెల్లి తెలిసిన మనిషి కాబట్టి పరీక్ష ఇంకొకరు పెట్టారు. చెల్లి అద్దం వెనక నుంచి చూసింది. గుమాస్తా తింటున్నాడు, చెయ్యి దగ్గరికి వచ్చింది. వాడు గిన్నె వదిలేశాడు, చేతిని ఒక్కసారి వాసన చూశాడు, ఒళ్ళంతా బిగుసుకుంది. బొటనవేలు పట్టుకుని కుట్టు ఊడిపోయేదాకా వదల్లేదు. ఫెయిలు. శనివారం చివరి గది.

ఆ సాయంత్రం చెల్లి కొట్టుకొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో సంచీ నా బల్ల మీద పెట్టి, దీన్ని కుట్టాలి అంది. విప్పాను. బొటనవేలు ఊడిన ఆ దొంగ చెయ్యి, గుప్పున కంపు. షెల్టరులో అన్నీ ఫినాయిలు, కుక్కల వాసనే కాబట్టి అక్కడ ఇది ఎవరి ముక్కుకీ ఆనలేదు. కొత్త గుడ్డల మధ్య పెడితే తెలిసింది.

“ఛీ, ఏంటే ఇది? ముందు ఉతికి తీసుకురా. తర్వాత కుడతాను.”

“ఉతకకూడదక్కా. అది రూలు.”

“ఎవడు పెట్టాడే ఆ రూలు?”

“నేనే.”

నేను తిట్టుకుంటూ దాన్ని బల్ల మీంచి కింద పడేశాను. చెల్లి గొంతు విని పక్క కొట్టులోంచి ముసలోడు లేచి వచ్చాడు. రోజూ వచ్చేదే, గోకించుకుని పోవడానికి. తోక ఊపుకుంటూ వచ్చినవాడు ఆ చెయ్యి దగ్గర ఆగాడు. ముక్కు పెట్టాడు. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పళ్ళు బయటపడ్డాయి. ఎన్నడూ వినని చప్పుడు ఒకటి వాడి గొంతులోంచి వచ్చింది. తర్వాత వెనక్కి వెనక్కి నడిచి, ఇస్త్రీ బల్ల కింద గోడకి నక్కి, అక్కడే తడిపేసుకున్నాడు. లాండ్రీ బాబాయ్ పరుగున వచ్చి, వీడికేమైందమ్మా అని మమ్మల్ని అడిగాడు. చెల్లి నేల మీద చతికిలబడిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కొత్త చెయ్యి ఒకటి వెంటనే కుట్టమంది. చేతులకి గ్లవుజులు వేసుకుని మరీ కుట్టమంది. కుట్టాను. దాన్ని తీసుకెళ్ళి ముసలోడి ముందు పెట్టింది. వాడు వాసన చూసి, దాని మీదే గడ్డం ఆనించి పడుకున్నాడు.

“భయపడ్డ కుక్క కరిచినప్పుడు ఆ భయం వాసన దాని నోటి తడిలో ఉంటుందక్కా. తర్వాత వచ్చినదానికి అది చెయ్యిలా కనపడదు. ముందు వచ్చినవాటి భయమే వాసనొస్తుంది. ఒకటి కరిచిందని ఇంకొకటి కరుస్తుంది. సబ్బు వద్దని రాశాను. ఒక్కో కుక్కకి ఒక్కో చెయ్యి వాడమని రాయలేదు. నువ్వు ఎప్పటికప్పుడు కొత్తవి కుట్టి ఇచ్చేదానివి, అది కూడా రాయాలని నాకు తట్టనేలేదు. వీళ్ళు రెండేళ్ళుగా ఒకే చెయ్యి వాడుతున్నారు. నా కళ్ళముందే వాడుతున్నారు, నాకే తెలియలేదు.”

ఎన్ని కుక్కలు అని అడగబోయి నోరు మూసుకున్నాను. నా జన్మలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ. లోపలి నుంచి అమ్మ వచ్చి సంగతి విని, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమే అంది. చెల్లి లేచి నిలబడి, గుమాస్తా ఇంకా బతికే ఉన్నాడమ్మా అంది.

మర్నాడు పొద్దున్నే ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళింది. కూర్చోమన్నాడు, కాఫీ ఇప్పించాడు, అంతా విన్నాడు. కాదనలేదు, అదే విచిత్రం. ఆలోచించాల్సిన విషయమే అన్నాడు. అయితే ఒక ముసలి కుక్కా, ఒక దర్జీ కొట్టూ ఆధారం కాదు, పద్ధతిగా పరిశీలించాలి, దానికి ఏడాది పడుతుంది అన్నాడు. ఏడాది వద్దు సార్, శనివారం లోపల గుమాస్తాకి కొత్త చేతితో ఇంకోసారి పరీక్ష పెట్టించండి చాలు అని చెల్లి బతిమాలింది. అప్పుడు ఆయన అన్న మాట చెల్లి నాకు పొల్లు పోకుండా చెప్పింది.

“ఒక్కదానికి మళ్ళీ పెడితే, మిగతావాటికి ఎందుకు పెట్టలేదని అడుగుతారమ్మా. అవి లేవు కదా. ఏం చెబుతావు?”

దానికి నా దగ్గర జవాబు ఉంది కానీ అది రాసే మాట కాదు.

అయినా చివరికి ఆయన శనివారం షెల్టరుకి వచ్చి చూస్తానన్నాడు. చూస్తాను అన్నాడు, అంతే. దానికే మేం పొంగిపోయాం. కొత్త చెయ్యి శుభ్రమైన సంచీలో కట్టుకుని నేనూ చెల్లితో వెళ్ళాను. అప్పటిదాకా ఆ షెల్టరు నేను చూడలేదు. పొడుగాటి వరండా, రెండు పక్కలా కమ్మీల గదులు, తడి నేల, చెవులు చిల్లులు పడే అరుపులు. గుమాస్తా మాత్రం అరవడం లేదు. చెల్లి అడుగుల చప్పుడికే లేచి కమ్మీల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఇన్నాళ్ళూ దాని మాటల్లో విన్నవాణ్ణి అప్పుడే మొదటిసారి చూడటం. నిజంగానే ముఖంలో ఏదో పని ఆగిపోయిన దిగులు.

ప్రొఫెసరు, మేనేజరమ్మ వచ్చారు. చెల్లి కొత్త చెయ్యి తీసింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, కుట్టు బాగుందమ్మా అని నాతో అన్నాడు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టేశాడు. ఆమోదించిన పరికరం మార్చాలంటే ఐదు ఊళ్ళ షెల్టర్లూ కలిసి తీర్మానించాలి, ఇవాళ దీంతో పెట్టిన పరీక్ష చెల్లదు అన్నాడు. మరి ఎందుకొచ్చావయ్యా అని నా నోటిదాకా వచ్చింది. చెల్లి నా మోచెయ్యి నొక్కింది. పోనీ నేను ఇంటికి తీసుకెళ్ళిపోతాను, నా బాధ్యత, రాసిస్తాను అంది. మేనేజరమ్మ తల దించుకుని, ఫెయిలైన కుక్కని గేటు దాటించే అధికారం నాకు లేదు, రేపు ఎవరి పిల్లనైనా కరిస్తే జైలుకి పోయేది నేను అంది. అదీ అబద్ధం కాదు.

అప్పుడు చెల్లి గిన్నెలో తిండి వేసుకుని, తలుపు తీసుకుని గుమాస్తా గదిలోకి వెళ్ళింది. ఎవరైనా ఆపేలోపే మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె కింద పెట్టింది. వాడు తినడం మొదలుపెట్టాడు. బొటనవేలి కింద మచ్చ ఉన్న ఆ చెయ్యే, చిన్నప్పుడు ఏ చెయ్యి పెట్టిందో అదే చెయ్యి, గిన్నెలో పెట్టి నెమ్మదిగా తనవైపు లాక్కుంది. గుమాస్తా తల ఎత్తాడు. దాని ముఖం చూశాడు. ఒకడుగు వెనక్కి వేసి, ఆఫీసు గుమ్మం దగ్గర కూర్చున్నట్టే కూర్చుని, గిన్నె తిరిగి ఇచ్చేదాకా ఆగాడు. ఇచ్చింది. తిన్నాడు. మళ్ళీ లాగింది. మళ్ళీ ఆగాడు.

మేనేజరమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను గెలిచామనే అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

ప్రొఫెసరు గొంతు పెంచలేదు.

“తెలిసిన మనిషి పరీక్ష పెట్టకూడదని రాసింది నువ్వే కదమ్మా.”

చెల్లి అక్కడే మోకాళ్ళ మీద ఉండిపోయింది. నాకు ఒళ్ళు మండింది. నన్నెరగడు కదా వాడు, ఇవాళే చూశాడు, నేను పెడతాను చెయ్యి, కరిస్తే నా ఖర్మ అని తలుపు వైపు వెళ్ళాను. నిజం చెబుతున్నాను, భయమేసింది, కుట్టుపని చేసుకు బతికేదాన్ని, చెయ్యే నా అన్నం. అయినా పెట్టేదాన్నే. మేనేజరమ్మ అడ్డంగా నిలబడింది. బయటివాళ్ళు కమ్మీలు దాటకూడదంది. ప్రొఫెసరు వాచీ చూసుకోలేదు, విసుక్కోలేదు, మా ఇద్దరికీ నమస్కారం పెట్టి, చాలా బాధగా ఉందమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయనకి నిజంగానే బాధగా ఉండి ఉంటుంది. బాధ పడినంత మాత్రాన ఆయనకి వచ్చే నష్టమేముంది?

చివరి గదికి గుమాస్తాని వేరేవాళ్ళు తీసుకెళ్ళడానికి చెల్లి ఒప్పుకోలేదు. నేనే తీసుకెళ్తాను అంది. నన్ను వరండాలో ఉండమంది కానీ తలుపు సగం తెరిచే ఉంది, నేను చూశాను. తాడు బిగించలేదు, వదులుగా పట్టుకుంది. ఎదురుగా కాకుండా పక్కగా కూర్చుంది, ఎదురుగా కూర్చుంటే కుక్కలు భయపడతాయట. చెవి వెనక ఎక్కడ నిమిరితే వాటి గుండె నెమ్మదిస్తుందో అక్కడే నిమిరింది. తన ఊపిరి తగ్గించి నిదానంగా పీల్చింది, వాడు కూడా అలాగే పీల్చేవరకు. అన్నేళ్ళు చదివిందంతా అక్కడ వాడింది. సూది గుచ్చినప్పుడు వాడు తిరిగి కూడా చూడలేదు. తల దాని ఒళ్ళో పెట్టుకుని, ఎప్పటిలాగే ఏమీ అడక్కుండా పోయాడు.

అదే రోజు ఉద్యోగం మానేసింది. ఇంటికొచ్చి మూల కూర్చుంది. అమ్మ కుక్క కోసం ఇంత ఏడుపేమిటే అనబోయి, దాని ముఖం చూసి, పక్కన కూర్చుని తల నిమిరింది. చెల్లి ఆ చెయ్యి తోసేసింది. చాలా రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కటే మాట చెప్పేది. “మిగతావన్నీ కూడా అంతే అక్కా. గుమాస్తా నాకు తెలుసు కాబట్టి గుమాస్తా. మిగతావాటికి పేరు పెట్టేవాళ్ళు కూడా లేరు.” అందులో నీ తప్పేముంది, తిలా పాపం తలా పిడికెడు అన్నాను. నా పిడికిలి పెద్దదక్కా అంది.

ఏడాది కాలేదు, వార్త వచ్చింది. ప్రొఫెసరు ఆ పరీక్షని మెరుగుపరిచాడట. ఒక్కో కుక్కకి ఒక్కో కొత్త చెయ్యి, వాడాక పారేయాలి. పెద్ద సభ పెట్టారు, అందరూ మెచ్చుకున్నారు. మెరుగైంది అన్నారే కానీ, అంతకుముందు ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు. ఆయన చెప్పలేదు. చెల్లి ఆ సంగతి విని, మంచిదేగా అంది. నేను పళ్ళు కొరుక్కున్నాను.

తర్వాత కొన్నాళ్ళకి షెల్టరు మనిషి ఒకడు మా కొట్టుకి వచ్చాడు. తోలు చేతులు కావాలి, ఐదు ఊళ్ళకీ, నెలనెలా. ఈ కత్తిరింపు తెలిసింది మీకొక్కరికే అని ప్రొఫెసరుగారు చెప్పారండి అన్నాడు. కత్తెర నా చేతిలోనే ఉంది. అదృష్టవంతుడు, మధ్యలో బల్ల ఉంది. మీ ప్రొఫెసర్నే కూర్చుని కుట్టుకోమని చెప్పు, పో ఇక్కణ్ణుంచి అని లేచాను. మూల నుంచి చెల్లి అంది, తీసుకో అక్కా. నాకు దాని మీద కూడా కోపమొచ్చింది. సిగ్గు లేదటే నీకు, వాళ్ళ పని చేస్తావా అన్నాను.

“మనం కుట్టకపోతే పరీక్ష ఆగదక్కా. మళ్ళీ ఒకే చెయ్యి వాడతారు.”

కత్తెర బల్ల మీద పెట్టి, ఆర్డరు రాసుకున్నాను. అప్పటినుంచి అదే కుడుతోంది. యూనివర్సిటీలో చదివిన పిల్ల, చేతులకి పల్చటి గ్లవుజులు వేసుకుని, పొద్దున్నుంచి నా పక్కన కూర్చుని దూది కుక్కుతుంది. పిల్లి కన్ను చూపించడానికి ఎవరైనా వస్తే నా వైపు చూపిస్తుంది. మొదట్లో ప్రతి చెయ్యీ తీసుకెళ్ళి ముసలోడి ముందు పెట్టేది. వాడు వాసన చూసి గడ్డం ఆనించాకే సంచీలో వేసేది. పోయిన చలికాలంలో ముసలోడు ఇస్త్రీ బల్ల కిందే నిద్రలో పోయాడు. ఇప్పుడు ఆ పని కూడా అదే చేస్తోంది. ఒక్కో చేతినీ ముక్కుకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూస్తుంది. మనిషి ముక్కుకి ఏమీ తెలియదని నాకు చెప్పింది అదే. అయినా చూస్తుంది. చూసి సంచీలో వేసి, ఇంకోటి తీసుకుంటుంది.